మెట్లు దిగితే పెద్దమ్మ

"మెట్లు దిగితే ఏమని పిలవాలి?"

"పెద్దమ్మా."

"ఎక్కితే?"

"టోపీ అమ్మా!"

"నా బంగారమే!" వంటావిడ పిల్లకి ముద్దుపెట్టి, నెత్తిన వంట టోపీ సర్దుకుని కిందికి దిగింది.

కింద హోటలు, పైన ఇల్లు.

ఆ పిల్లకి ఇద్దరమ్మలు. వంట చేసే ఆమె టోపీ అమ్మ, గల్లా దగ్గర కూర్చునే ఆమె కళ్ళజోడు అమ్మ. కన్నది కళ్ళజోడు అమ్మ. పురిటిగది బయట చెప్పులరిగేలా తిరిగిందీ, ఆరేళ్ళుగా జ్వరమొస్తే రాత్రంతా భుజాన వేసుకుని తిరిగిందీ టోపీ అమ్మ. ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడి కాపురం పెట్టి తొమ్మిదేళ్ళు.

లోకానికి మాత్రం అక్కచెల్లెళ్ళు. "కుటుంబాలకే ఇస్తాను" అని ఓనరమ్మ అంటే అద్దె కాగితంలో అలాగే రాయించారు. ఆ కాగితం గడువు వచ్చే సోమవారంతో తీరిపోతుంది. ఈలోగా నిజం బయటపడిందా, హోటలూ పోతుంది, ఇల్లూ పోతుంది.

అందుకే కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్దాయనంటే వంటావిడకి గుండె దడ.

నెల్రోజులుగా రోజూ పొద్దున్నే వస్తాడు. ఒక్క టీ చెప్పి గంటన్నర కూర్చుంటాడు. చూపంతా వంటింటి వైపే.

"మన వీధి తలుపుతో కొత్తవాళ్ళంతా కుస్తీ పడతారు కదా?" అంది వంటావిడ కళ్ళజోడు ఆమెతో. "ఈయన మొదటిరోజే పిడి పైకెత్తి, మోకాలితో ఒక్క తోపు తోసి లోపలికొచ్చాడు. ఎవరు చెప్పారు ఈయనకి?"

"ఎవరు చెప్పాలి?"

"ఓనరమ్మ! మన కూపీ లాగమని పంపింది."

కళ్ళజోడు ఆమె పకపకా నవ్వింది. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడంలో నీ తర్వాతే ఎవరైనా. పాలు పొంగుతున్నాయి, చూడు మిరపకాయ్."

"నవ్వు, నవ్వు. సామాను రోడ్డున పడ్డాక కూడా ఇలాగే నవ్వు."

"నువ్వు పక్కనుంటే రోడ్డు మీదైనా నవ్వుతాను."

అలా అంటే ఇక ఏం పోట్లాడుతుంది? మూతి ముడుచుకుని పొయ్యి తగ్గించింది. లోపల మాత్రం వెన్నలా కరిగిపోయింది.

గురువారం కొంప మునిగింది.

పిల్ల ఒక కాలికే బూటేసుకుని మెట్లు దిగొచ్చి, నిండు హోటల్లో, "టోపీ అమ్మా! రెండో బూటేదీ?" అని కేకేసింది.

"పెద్దమ్మా అనాలని ఎన్నిసార్లు చెప్పాను!" వంటావిడ గదమాయించింది. పిల్ల కళ్ళనిండా నీళ్ళు.

తింటున్నవాళ్ళెవరూ తలెత్తలేదు. పెద్దాయన మాత్రం లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

"పసిదాని నోరు కట్టేయకమ్మా. పిలవనీ."

"మీకెందుకండీ? ఒక్క టీ వంకపెట్టి మా ఇంటికి కాపలా కాస్తున్నారు. ఎవరు పంపారో నాకు తెలుసు. వెళ్ళి చెప్పుకోండి. రేపట్నుంచి మాత్రం ఈ గడప తొక్కకండి!"

పెద్దాయన మెల్లగా వంగి, బల్ల కింద పడివున్న రెండో బూటు తీసి పిల్ల కాలికి తొడిగాడు. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయాడు.

తర్వాత మూడు రోజులూ ఆ కుర్చీ ఖాళీ.

సోమవారం ఓనరమ్మ కాగితాలు పట్టుకుని దిగింది. వచ్చి సరిగ్గా ఆ కుర్చీలోనే కూర్చుంది. కళ్ళజోడు ఆమె టీ తెచ్చి పెడుతుంటే సగం సాసర్లోకి ఒలికింది.

"మీ ఇద్దరి గురించి వీధిలో ఏవేవో అనుకుంటున్నారు," అంది ఓనరమ్మ.

అప్పుడే పిల్ల మెట్లు దిగొచ్చింది. ఓనరమ్మను చూసి ఠక్కున ఆగిపోయింది.

"పె... పెద్దమ్మా, జడ," అంది వంటావిడతో, బెదిరిపోతూ.

ఆ బెదురు చూసి వంటావిడ పిల్లని దగ్గరికి లాక్కుంది. తల్లిని పిలవడానికి తడుముకునే ఖర్మ ఈ పిల్లకేం పట్టింది? పోతే హోటలే కదా పోయేది!

"అమ్మా అను తల్లీ," అంది. "మెట్లు దిగినా సరే."

కళ్ళజోడు ఆమె ఒక్క క్షణం కొయ్యబారిపోయింది. తర్వాత వచ్చి వంటావిడ చెయ్యి పట్టుకుని నిలబడింది.

ఓనరమ్మ ఇద్దర్నీ చూసింది, పిల్లనీ చూసింది. కాగితం మీద సంతకం పెట్టి ఇటు తోసింది.

"మరో ఐదేళ్ళు ఉండండి. నాకూ అనుమానాలుండేవి. శుక్రవారం మా ఇంటికొచ్చి పెద్దాయన తీర్చేశాడు."

"ఏ పెద్దాయన?"

"రోజూ ఇక్కడే కూర్చునేవాడుగా! పాపం, శనివారం నిద్రలోనే పోయాడు. మీకు తెలీదా?"

వంటావిడ గబుక్కున బల్ల అంచు పట్టుకుంది.

"మీకు ముందు ముప్పయ్యేళ్ళు ఈ హోటలు నడిపింది ఆయనా, ఆయన అన్నగారే," అంది ఓనరమ్మ. "ఈయన గల్లా, అన్నగారు వంట. పెళ్ళిళ్ళు లేవు, పిల్లల్లేరు. మా నాన్న దగ్గర అద్దెకు తీసుకుని ఈ మేడ మీదే ఉండేవారు. ఇద్దరికీ ముక్కూ మొహం ఎక్కడా పోలికే లేదు."

"ఆయన... మా గురించి ఏమన్నారు?" అడిగింది వంటావిడ.

"'మీ నాన్నగారికి మేం ఎలాంటి అన్నదమ్ములమో, నీకు వాళ్ళూ అలాంటి అక్కచెల్లెళ్ళేనమ్మా' అన్నాడు."