కోయిలమ్మ ఐదు రోజుల ఛాలెంజ్

చింతతోపులో పక్షులు గుడ్లు పెట్టే రోజులొచ్చాయి. కోయిలమ్మ ఫోనులో అందరికీ ఒక గ్రూపు పెట్టింది. "ఐదు రోజుల్లో చక్కటి గూడు! అంతా ఉచితం. రోజుకొక వరుస పుల్లలు పేర్చి ఫొటో పెట్టండి, చాలు."

కాకమ్మకు గూడు కట్టడం వాళ్ళమ్మ ఎప్పుడో నేర్పింది. అయినా మొదటి ఫొటోకే కోయిలమ్మ, "ఎంత పనితనమమ్మా నీ ముక్కుది!" అనేసరికి పొంగిపోయింది. అంతవరకూ కాకిని మెచ్చుకున్నదెవరు?

నాలుగోరోజు పిచ్చుక అడిగింది. "కోయిలక్కా, నీ గూడు ఫొటో పెట్టవేం?"

"నాకు వేరే గూడెందుకు చెల్లీ? మీ గూళ్ళన్నీ నావి కావూ!"

కాకమ్మ కళ్ళు చెమర్చాయి. "విన్నావుటే, అనుమానప్పక్షీ!" అని పిచ్చుకను కసిరింది.

ఐదోరోజు కోయిలమ్మ అసలు సంగతి చెప్పింది. "ఇక పిల్లల పెంపకం పాఠాలు. వాటికి మాత్రం ఫీజుంది. నా గుడ్డొకటి మీ గూట్లో పొదగాలి, అంతే."

అందరికంటే ముందు కాకమ్మే చేరింది. గూడు ఇరుకైతే తన గుడ్డునే అంచుకు జరిపింది. అది గాలికి కిందపడి పగిలింది.

కొన్నాళ్ళకు గూట్లో పిల్ల గొంతు విప్పింది. కాకమ్మ కన్నీళ్ళు తుడుచుకుని గ్రూపులో రాసింది.

"అంతా కోయిలక్క పాఠాల చలవే. నా బిడ్డ అచ్చం ఆవిడలాగే పాడుతోంది!"