ఖాళీ గిన్నెలు

గిన్నెలు తిరిగొచ్చాయి. సగం గిన్నెలు నాకినట్టు ఖాళీగా ఉన్నాయి. మిగతావాటిలో జావ పోసింది పోసినట్టే ఉంది, పైన పొర కట్టి.

వంటాయన ఖాళీ గిన్నెల వైపు చూడనైనా లేదు. నిండుగా వచ్చినవాటిని చూసి నిట్టూర్చాడు. ఆస్పత్రి వంటింట్లోనే జుట్టు నెరిసిన మనిషి. అయినా వండింది వెనక్కొస్తే ఇప్పటికీ తట్టుకోలేడు.

పైగా ఇవి మామూలు గిన్నెలు కావు. పై అంతస్తులో ఉన్నవాళ్ళంతా పెద్ద జబ్బు చేసి, తిండి సయించక, పుల్లల్లా అయిపోయినవాళ్ళు. వాళ్ళకి ఆకలి పుట్టించే మందొకటి పరీక్షిస్తున్నారు. ఆ మందు తయారుచేసిన డాక్టరమ్మ ఎవరో కాదు, ఆయన చెల్లెలే. అమ్మానాన్నా పోయాక తన చేత్తో ముద్దలు కలిపి పెట్టి పెంచిన చెల్లెలు.

ఆవిడే ఓసారి విడమరిచి చెప్పింది.

"కడుపు ఖాళీ అయితే గ్రెలిన్ అని ఒక హార్మోను ఊరుతుంది అన్నయ్యా. అది పోయి మెదడులో తలుపు కొడుతుంది. తలుపు తీశారా, ఆకలేస్తుంది. ఒళ్ళు పెంచే హార్మోను కూడా బయటికొస్తుంది. వీళ్ళకి ఆ తలుపు నా మందు కొట్టాలి."

"కొట్టినా తియ్యకపోతే?"

"నేను దుకాణం కట్టెయ్యడమే."

నవ్వుతూనే అంది. ఆ నవ్వులో ఓపిక లేదు. ఎలుకలతో మొదలుపెట్టి మనుషులదాకా రావడానికి ఆవిడ వయసంతా హరించుకుపోయింది మరి.

ఈ పరీక్షకి మడీ ఆచారం ఎక్కువ. గిన్నెల్లో మిగిలిన జావని నర్సమ్మ తూకం వేసి, లెక్క కట్టి, సీలు వేసేస్తుంది. అంతా అయ్యేదాకా డాక్టరమ్మ కూడా చూడకూడదట. అందుకే మొదటిరోజే అన్నగారి దగ్గర ఒట్టు వేయించుకుంది.

"వంటింట్లో ఏం చూసినా నాకు చెప్పకు. రోజూ అదే జావ, అదే చప్పిడి. నీ చేతి మహిమ చూపించకు, నీకు పుణ్యముంటుంది."

సరేనన్నాడు.

కానీ మధ్యాహ్నం వంటింట్లోకి వచ్చి, బల్లకి తల ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చునే చెల్లెల్ని చూస్తే ఆయన ప్రాణం ఉసూరుమనేది. పెట్టిన అన్నం కెలికి లేచిపోయేది. ఆకలి డాక్టరుకే ఆకలి లేదు.

"ఇది పోతే మళ్ళీ మొదలెట్టే ఓపిక నాకు లేదు అన్నయ్యా. అలిసిపోయాను," అందొకరోజు.

'సగంమంది ముట్టుకోవట్లేదే తల్లీ' అనే మాట ఆయన నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

ఆ రాత్రి నిద్రపట్టక దొర్లాడు. జబ్బు మనుషులకి చప్పిడి జావ పోసి, ఆకలి లేదేమని అడిగితే ఎట్లా? పథ్యమైనా నోటికి హితవుగా ఉండొద్దూ? చెల్లెలికి ఎలుకల సంగతి తెలుసుగానీ నాలికల సంగతేం తెలుసు!

తెల్లారి జావలో ఉప్పు వేశాడు. తెల్లమిరియాలు దంచి కలిపాడు. వెన్నలో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, ముక్కలు తీసేసి, ఆ వెన్న మాత్రం జావలో ఒంపాడు. చూడ్డానికి అదే తెల్లజావ. ఒట్టు తీసి గట్టున పెట్టాడు.

నర్సమ్మ బండి తోసుకుపోతూ ఆగింది.

"ఏంటి బాబాయ్, ఇవాళ ఘుమఘుమలాడుతోంది?"

"పక్క పొయ్యి మీద డాక్టర్ల కూర. నీ ముక్కుకి పనెక్కువైంది, పో."

ఆ పూట బండి తొందరగా దిగొచ్చింది. గిన్నెలన్నీ ఖాళీ. ఒక్కదాంట్లో మెతుకు మిగిలితే ఒట్టు!

"కిటికీ పక్క మామ్మ ఇన్నాళ్ళూ చెంచా ముట్టలేదు కదా. ఇవాళ ఇంకో గిన్నె పొయ్యమని గొడవ," అంది నర్సమ్మ.

"పొయ్యలేకపోయావా?"

"రూలు ఒప్పుకోదు బాబాయ్."

వంటాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు. అటుపైన ఒక్కపూట కూడా మానలేదు. వేలికి వెన్న చురుక్కుమన్నా, నడుం పట్టేసినా, సెలవు పెట్టలేదు. వేరేవాళ్ళ చేతికి గరిటె ఇస్తే మళ్ళీ చప్పిడి జావే పోతుంది. చెల్లెలి బతుకు ఆ గరిటె మీద నిలబడి ఉందాయె. ఎవరికీ చెప్పుకోలేని సంతోషం, ఎవరికీ చెప్పుకోలేని అలసట.

పై అంతస్తులో మంచాలు ఒక్కొక్కటీ ఖాళీ అయ్యాయి. కిటికీ పక్క మామ్మ తన కాళ్ళ మీద తను నడిచి, మందుకి దణ్ణం పెట్టి మరీ వెళ్ళింది.

లెక్కలు తేలే రోజు వచ్చింది. వంటాయన పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చెల్లెలు మీటింగు నుంచి తిన్నగా వంటింట్లోకే వచ్చింది. వచ్చి స్టూలు మీద కూలబడింది.

"ఏమ్మా, గెలిచావా?"

"మూసెయ్యమన్నారు అన్నయ్యా."

వంటాయన చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"అదేంటి? మందు పనిచెయ్యలేదా?"

"రక్తంలో అంతా అనుకున్నట్టే ఉంది. హార్మోను బ్రహ్మాండంగా పెరిగింది. తిండి దగ్గరే దెబ్బ తిన్నాం."

"ఎట్లా తింటాం? ఒక్క గిన్నె మిగలకుండా అన్నీ ఖాళీ అయ్యాయే! నా కళ్ళతో చూశాను!"

డాక్టరమ్మ నీరసంగా తల ఊపింది.

"అదే కొంప ముంచింది అన్నయ్యా, వాళ్ళలో సగంమందికి మేమిచ్చింది ఉత్త పిండిమాత్రలు, ఆ సగంమందీ తినలేక గిన్నెలు వెనక్కి పంపితేనే నా మందు గెలిచినట్టు."