విజయశ్రీ చెయ్యి

మా విజయశ్రీని ఇక్కడ అమెరికాలో స్కూల్లో చేర్చేటప్పుడు, ఫారంలో జాతి అన్నచోట మావారు ‘వైట్’ గడిలో టిక్కు పెట్టారు. "మనమూ ఆర్యులమేగా" అన్నారు. నేను నవ్వాను.

రెండేళ్లకి, 1979 వేసవిలో, తెల్లపిల్లలూ నల్లపిల్లలూ కలిసి చదవాలని కోర్టు తీర్పొచ్చింది. మా పేటలోని తెల్లపిల్లల్లో కొందరిని బస్సుల్లో నల్లవాళ్ల పేట స్కూలుకి పంపాలట, అక్కడి పిల్లల్ని ఇక్కడికి తేవాలట. శనివారం వచ్చిన లిస్టులో మా పిల్ల పేరుంది.

"ఆ నల్లపిల్లల మధ్య మన పిల్ల చదవాలా?" అంటూ మావారు సోమవారం పొద్దున్నే మమ్మల్ని కార్‌లో ఎక్కించుకుని స్కూల్ బోర్డ్ ఆఫీస్‌కి తీసుకెళ్లారు.

కౌంటర్‌లో ఉన్నది నల్లావిడ. పాత ఫారం తీసి చూపించింది. "వైట్ అని పెట్టింది మీరే కదా సార్?"

"మిస్టేక్ అయింది మేడమ్." ఆయన పిల్ల చొక్కా చేతిని భుజం దాకా పైకి లాగి, దాని చెయ్యి కౌంటర్ మీద పరిచారు. "చూడండి, ఎంత నల్లగా ఉందో! ఇది వైటా?"

ఆవిడ ఆ చేతి వంక చూడలేదు. ఆయన వంకే చూసింది.

మోచేతి దగ్గర చర్మం ఇంకా ఎర్రగా కందే ఉంది. పిల్లకి రంగు రావాలని ప్రతి ఆదివారం శనగపిండి నలుగు పెట్టి గట్టిగా రుద్దమనేది ఆయన. రుద్దేది నేను.

విజయశ్రీ చొక్కా చేతిని కిందికి లాక్కుని నావైపు తిరిగింది.

"అమ్మా, అయితే నెక్స్ట్ సండే రుద్దవు కదా?"