మల్లె, నరసరావుపేట

వీరరాఘవమ్మ దగ్గర పున్నారావు కొట్టెయ్యాలనుకున్నది సొమ్ము కాదు, సరుకూ కాదు. పేరు.

ఎనభై మూడులో నరసరావుపేట పత్తి బజారులో వాళ్లవి ఎదురెదురు కొట్లు. పున్నారావు కొట్లో ఈగలు తోలుకోవడమే పని. వీరరాఘవమ్మ పత్తి బేళ్లేమో మల్లెపువ్వు ముద్రేసుకుని, దళారుల చేతుల మీదుగా కోయంబత్తూరు మిల్లులకు లారీలకు లారీలు పోతున్నాయి. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే పున్నారావు కొట్టుకు తాళమే.

ఒకరోజు టీ బంకు దగ్గర ఆమె గుమాస్తా రాజారత్నం నోరు జారాడు.

"మా అమ్మగారు ఆ మల్లె పేరు తంతి ఆఫీసులో రాయించనే లేదు బాబాయ్. రాయించుకున్నోడికి 'మల్లె, నరసరావుపేట' అని కొడితే చాలు, టెలిగ్రాం నేరుగా కొట్టు కాడికే వచ్చి వాలుద్ది. ఇంక మిల్లుల ఆర్డర్లన్నీ ఆడియే."

పున్నారావు గ్లాసు కింద పెట్టాడు. "ఎవురైనా రాయించుకోవచ్చంటరా?"

"అట్టెట్టా కుదురుద్ది? ఊళ్లో కొట్టుండాల. ఆ ముద్రతో మూడేళ్లుగా యాపారం చేసేది నేనేనని రాసియ్యాల. ఇద్దరు సాచ్చికం పలకాల."

"నువ్వు పలుకుతావా?"

"నీ కొట్లో గుమాస్తాగా పెట్టుకుంటానంటే పలుకుతా. రెండో సాచ్చి సంగతి కూడా నాకొదిలెయ్."

రోజూ పిన్నీ అని పిలిచే మనిషిని ముంచడమా అని పున్నారావు మనసు కాసేపు పీకింది. అది పీకడం మానగానే సంతకం పెట్టేశాడు. రాజారత్నం ఆ కాగితం పట్టుకెళ్లి, రెండో సాక్షి చేత వేలిముద్ర వేయించి, తనే తంతి ఆఫీసులో ఇచ్చి వచ్చాడు. మల్లె పున్నారావుదైంది.

ఆ వెంటనే వీరరాఘవమ్మ పత్తి మానేసి మిరపకాయల బస్తాలు దించుకుంది. దెబ్బకు ముసలమ్మ జడుసుకుందని పున్నారావు మీసం దువ్వుకున్నాడు.

కొద్దిరోజులకే టెలిగ్రాం వచ్చింది. కొట్టు వెనకే కాపురం. తంతి మనిషిని చూడగానే పున్నారావు భార్య ప్రమీలమ్మ శోకాలు అందుకుంది.

"ఎవురూ పోలేదే, నోరు ముయ్యి. ఇది యాపారం టెలిగ్రాం," అని కసిరి చదివాడు. కోయంబత్తూరు మిల్లుది. మా మనిషి గురువారం వస్తున్నాడు, కొట్టు దగ్గరే ఉండండి అని.

గురువారం పున్నారావు ఇస్త్రీ పంచె కట్టి, గోళీసోడాలు తెప్పించి కూర్చున్నాడు. వచ్చినాయన వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు ఒక గోనెసంచి మోసుకొచ్చారు.

"మల్లె అంటే మీరేనా?"

"మూడేళ్ల నుంచీ మేమేనండి."

ఆయన సంచిలోంచి నాపరాయి తీసి బల్ల మీద పెట్టాడు. "అయితే ఇదీ మీదే. మల్లె బేలు ఏది విప్పినా బరువుకు నడుమ ఇవే. దళారులేమో ముద్ర తప్ప మాకేం తెలీదంటారు. ఆ పేరుకు టెలిగ్రాం కొడితే మనిషి లేడని తిరిగొచ్చేది. ఇన్నాళ్లకు అందింది."

పున్నారావు ఎదురు కొట్టు వైపు చెయ్యి చూపించాడు. "అయ్యా, ఆ ముద్ర నాది కాదు. ఆ ఎదురు కొట్టు పిన్నిది. కావాలంటే అడగండి."

వీరరాఘవమ్మ మిరపకాయల తొడిమలు తుంచుతూనే తలెత్తింది.

"బయానికి ఏందేందో అంటన్నాడు పిల్లోడు, ఏమనుకోమాకండయ్యా. మల్లె ముద్ర మా పున్నారావుదే. ఆ కాయితం మీద రెండో సాచ్చి ఏలిముద్ర నాదే, చూసుకోండి."