పటానికి మొక్కని మనిషి

ముసలాయన తాలీం గడప దగ్గర చెప్పులు విడిచాడు. వంగి, కుస్తీ గోదాలోని ఎర్రమట్టి చిటికెడు తీసి నొసట పెట్టుకున్నాడు.

ఎదురుగా గోడకు ఉస్తాద్ రామస్వామి పటం. దానికి బంతిపూల దండ.

పటం వంక చూసి మీసం కింద చిన్నగా నవ్వుకున్నాడు. వెళ్లి గట్టు మీద కూర్చున్నాడు.

మొక్కలేదు!

గద్వాలలో ఆ తాలీంకు వచ్చినవాడు పోలీసాయనైనా సరే, ముందు ఆ పటానికి మొక్కాలి. పెత్తనమంతా చూసే కురుమూర్తికి అక్కడే అనుమానం పుట్టింది.

"చూసినవా? మట్టికి మొక్కిండు, ఉస్తాద్‌కు మొక్కలే," అని తాలీం పహిల్వాన్ హన్మంతు చెవిలో ఊదాడు. "అంటే పహిల్వానే. కానీ మనోడు కాదు."

"అవు మామా, కుస్తీ పట్టి పట్టి చెవులు గూడ ముద్దలు కట్టినయి."

"రాయచూరోళ్లు పంపిన మనిషిరా! నీ ఆట చూసిపోనీకి వచ్చిండు."

అనుమానానికి కారణం లేకపోలేదు. ఎల్లుండే పెబ్బేరు సంతలో కుస్తీ. రాయచూరు పహిల్వాన్ తాటిచెట్టంత మనిషి. వరసగా రెండేళ్లు హన్మంతును ఎత్తి కుదేశాడు. ఈసారీ ఓడితే ఇక లంగోటా కట్టనని హన్మంతు ఆ పటం ముందే ఒట్టు పెట్టుకున్నాడు.

ఎంత లావాటివాణ్నయినా పడగొట్టే పట్టు ఒకటి ఉస్తాద్‌కు తెలుసని ఊరంతా చెప్పుకునేవారు. మగ్గం నేసే ఇంటివాడు ఆయన. ఆ పట్టు ఎవరికీ నేర్పకుండానే షోలాపూర్ బట్టల మిల్లులో పనికి వెళ్లిపోయాడు. అక్కడే కాలం చేశాడని తర్వాత ఎవరో కబురు తెచ్చారు.

ఆయన్ను కళ్లతో చూసినవాళ్లు తాలీంలో ఎవరూ మిగల్లేదు. ఫోటో కూడా లేదు. బోర్డులు రాసే ఆయనను పిలిచి, విన్నది చెప్పి బొమ్మ వేయించారు. విన్నది కాస్త ఎక్కువే కాబట్టి బొమ్మలో ఉస్తాద్ తలుపు పట్టనంత ఉన్నాడు.

ఆ పొద్దున తాలీంలో మాటలన్నీ బాక్సింగ్ మీదే. తిరుపతయ్య హోటల్లో కొత్త రంగుల టీవీలో ముందురోజు అందరూ కూర్చుని చూశారు మరి.

"వాళ్లు మనుషులా, గుట్టలా! పాతకాలం పొట్టి బాక్సర్లు ఇప్పుడు దిగితే ఒక్క గుద్దుకు గాయబ్," అన్నాడు హన్మంతు.

"ఎందుకు గాయబైతరు?" అన్నాడు గట్టు మీది ముసలాయన. "గుట్టకు తిరగనీకి జాగ కావాలె. పొట్టోనికి చాటంత చాలు. కుస్తీల గూడ గంతే."

"నీకేం తెలుసు పెద్దమనిషీ? మా ఉస్తాద్‌ను చూడు, ఎంత ఎత్తుండెనో!"

"పొట్టోడే ఉండె."

గోదాలో దండీలు తీస్తున్నవాళ్లు తీస్తున్నట్టే ఆగిపోయారు.

"ఏందీ?"

"మీ రామస్వామి నా అంతే ఉండె. పొట్టోడు గనకనే లావాటోని కిందికి దూరే పట్టు దొరికింది."

కురుమూర్తికి కోపం నషాళానికి అంటింది. అయినా బయటపడలేదు. మెల్లగా దగ్గరకు వచ్చి, హఠాత్తుగా కన్నడంలో, అన్నం తిన్నావా అని అడిగాడు.

"ఊట ఆయ్తా?"

"ఆయ్తు," అన్నాడు ముసలాయన, అలవాటుగా.

దొరికిపోయాడు! గద్వాలలో సగం మందికి కన్నడం వచ్చన్న సంగతి ఆ నిమిషాన ఎవరికీ గుర్తు రాలేదు.

ముసలాయన అప్పటికే అంగీ గుండీలు విప్పుతున్నాడు. "హన్మంతూ, జర గోదాలకు రా. ఒక పట్టు చూపిస్త."

"ఆగు!" కురుమూర్తి అడ్డం నిలబడ్డాడు. "ఎల్లుండి కుస్తీ పెట్టుకొని, పోరని చెయ్యి విరగ్గొట్టనీకి వచ్చినవా?"

"గీ వయసుల నేనేం విరగ్గొడ్తనయ్యా? ఇప్పుడు నేర్వకుంటే మల్ల దొరకదు. నాకు ఊపిరి గూడ సక్కగ ఆడుతలేదు."

హన్మంతు ఒక అడుగు ముందుకు వేశాడు. ఎందుకో ఆ మాట వినాలనిపించింది.

"ఒక్కసారి చూస్త మామా..."

"నీకు దిమాక్ ఉందా? దూరం జరుగు!" అని కురుమూర్తి ముసలాయన చేతిసంచి తీసి వాకిట్లోకి విసిరాడు.

ముసలాయన అంగీ గుండీలు మళ్లీ పెట్టుకుని వాకిట్లోకి దిగాడు. సంచి దులుపుకున్నాడు. చెప్పులు తొడుక్కుంటూ గోదా వైపు ఒకసారి చూశాడు.

"మట్టి గట్టిపడ్డది. జర మజ్జిగ పోసి తవ్వుండ్రి," అని వెళ్లిపోయాడు.

కురుమూర్తి ఊరికే ఉంటాడా? బస్టాండు దాకా వెంట వెళ్లి, ఆయాసపడుతూ తిరిగి వచ్చాడు.

"నేను చెప్పలే? రాయచూరు బస్సే ఎక్కిండు!"

తాలీం అంతా కురుమూర్తి తెలివిని మెచ్చుకుంది.

పెబ్బేరులో హన్మంతు మళ్లీ ఓడాడు. రాయచూరు పహిల్వాన్ మీద పడి అదిమేస్తుంటే, కింద తిరగడానికి చాటంత జాగా ఉంది. ఆ జాగాలో ఏం చేయాలో అతనికి తెలియలేదు.

మర్నాడు తిరిగి వచ్చి, లంగోటా మడిచి పటం కింద పెట్టి, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరికీ ఓదార్చే ధైర్యం లేకపోయింది.

అప్పుడే రుక్కమ్మ మజ్జిగ కడవతో వచ్చింది. గోదా మట్టిలో కలపడానికి ఆమె చిన్నప్పటి నుంచీ వాళ్లింటి మజ్జిగే. ఆడవాళ్లు గడప దాటకూడదు కాబట్టి ఎప్పుడూ బయటే దించి పోతుంది. మూడు రోజులు కూతురు దగ్గర పాన్‌గల్‌లో ఉండి, ఆ పొద్దునే ఊళ్లో దిగింది.

"ఓడినవంట గద కొడుకా," అంది గడప అవతలి నుంచే. "ఉస్తాద్ పట్టు నేర్పలేదా?"

"ఏ ఉస్తాద్ అవ్వా?"

"రామస్వామి! నేను పాన్‌గల్ బస్సు ఎక్కుతుంటే ఎదురొచ్చిండు. సచ్చిండంటే నమ్మితిమి గద, నిక్షేపంగ ఉన్నడు. 'నా పట్టు నాతోనే పోవద్దు రుక్కమ్మా, పోరనికి నేర్పి, రాయచూరుల షోలాపూర్ రైలెక్కుత' అన్నడు."

హన్మంతు ఏడుపు ఆగిపోయింది. కురుమూర్తి గడప దగ్గరికి ఉరికాడు.

"కాదవ్వా, ఆయన ఉస్తాద్ కాదు," అన్నాడు, ఇంకా ఏదో ఆశతో. "ఆయన మన ఉస్తాద్ పటానికి దండం గూడ పెట్టలే!"

రుక్కమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఓరి పిచ్చోడా, తన పటానికి తనే ఎవడన్న దండం పెట్టుకుంటడారా?"