నిమ్మచెట్టుకి బెదిరింపు

దసరా వెళ్ళేసరికి పెరట్లో బంతి విరగబూసింది. చిక్కుడు పాదు పందిరెక్కి పూతకొచ్చింది. నాలుగేళ్ళ నిమ్మచెట్టుకే ఒక్క కాయా లేదు. బుల్లయ్య గొడ్డలి తెచ్చాడు.

కాయని చెట్టుని బెదిరించాలంటే ఇద్దరుండాలి. ఒకరు నరికేస్తాననాలి, ఇంకొకరు అడ్డుపడాలి. అడ్డుపడాల్సిన సుబ్బరావమ్మ అరుగు మీద కూర్చుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. గోంగూర పచ్చడంటే మా వదినే పెట్టాలని పండగ భోజనాల దగ్గర బుల్లయ్య అన్నాడని, పన్నెండు రోజులుగా ఆమె మొగుడితో మాట్లాడటం లేదు.

"కాస్తావా, నరికెయ్యనా?" బుల్లయ్య గొడ్డలెత్తాడు. ఎవరూ ఆపలేదు.

"నరికేస్తున్నా! ఆపేవాళ్ళే లేరా ఈ కొంపలో?"

సుబ్బరావమ్మ ఇంకో తొడిమ తీసింది.

ఎత్తిన చెయ్యి లాగేస్తోంది. చివరికి బుల్లయ్య గొడ్డలి కింద పెట్టి, చెట్టుకి అటువైపు వెళ్ళి, తువాలు కొంగులా తలమీద కప్పుకున్నాడు. గొంతు సన్నం చేసి తనే బతిమాలాడు.

"వద్దయ్యా, పసిచెట్టు. వచ్చే ఏటికి కాస్తుందిలే."

మళ్ళీ ఇటొచ్చి గొడ్డలి అందుకున్నాడు. "నువ్వు చెప్పావు గనక వదిలేస్తున్నానే సుబ్బీ!"

సుబ్బరావమ్మ చేట పక్కన పెట్టింది. పన్నెండు రోజులకి నోరు విప్పింది.

"పాపం దాన్నెందుకయ్యా బెదిరిస్తావు? పండగ మర్నాడే మూడు కాయలు కాసిందిగా! ఈ నాటకం కోసం నువ్వే కోసి దిండు కింద దాచావు. రోజూ వాటిమీద తలపెట్టి పడుకుంటుంటే నాకు వాసన రాదనుకున్నావా? పట్టుకెళ్ళి మీ వదినకియ్యి. పచ్చడి పెడుతుంది."