నాలుగో చుక్క

మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలు కదిలిన కుదుపుకి, పైబెర్తు మీది సంచి జారి అబ్రార్ ల్యాప్‌టాప్ మీద పడింది.

సీతాఫలాలు. ఒకటి చితికింది కూడా.

"అయ్యో, చెడిపోయిందా నాయనా?" ఎదుటి సీటు పెద్దావిడ కొంగుతో తుడవబోయింది.

"ఏం గాలేదులే పెద్దమ్మా."

లోపల మాత్రం మండిపడ్డాడు. ఈ సాయంత్రం నంద్యాలలో ప్రొఫెసర్ ముందు లెక్క తేలకపోతే రెండేళ్ల పరిశోధన గంగలో కలిసినట్టే.

తెర మీద ఒక గీత, ఐదు చుక్కలు. గీత అతని కంప్యూటర్ లెక్క. చుక్కలు వేరొకరు ప్రయోగం చేసి కొలిచిన వేడి. నాలుగు చుక్కలను బుద్ధిగా తాకే గీత, వరసలో నాలుగోదాని దగ్గర మాత్రం మొండికేసి పైనుంచి పోతోంది. ఎందుకో అంతుపట్టడం లేదు.

"ఏంది నాయనా అది?"

"రెండు అల్యూమినియం రేకులు అతికించేది. మంట ఉండదు. మొల లాంటిది గిరగిరా తిరిగితే, ఆ రాపిడికి లోహం మెత్తబడి కలిసిపోతాది. ఎంత వేడి పుడతాదో లెక్క కడతన్నా."

ఆవిడ తెర వైపు చాలాసేపు చూసింది.

"ఆ నాలుగో చుక్కను నమ్మొద్దు."

"అదేంది?"

"వేడి కొలిచే తీగ ఊడింది. తక్కువ చూపించింది."

"మీరు చూసినారా ఏంది?"

"చూడకుండా చెప్తానా?"

అబ్రార్ అయోమయంగా చూశాడు. తర్వాత జాలేసింది.

"కొలిచింది లీదియా అని విదేశీ మేడం పెద్దమ్మా. ఎన్ని మెయిళ్లు పెట్టినా పలకలేదు గానీ, శానా పెద్ద సైంటిస్టు. ఆమె తప్పు చేయదు."

"ఏ దేశం ఆమె?"

"జర్మనీ ఏమో."

ఆవిడ నవ్వాపుకుంది. "నాయనా, ఒక మాట..."

"నాకు పనుంది పెద్దమ్మా." ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

అబ్రార్ ఒక అంకె మార్చి గీతను నాలుగో చుక్క దాకా దించాడు. ఈసారి మిగతా నాలుగూ తప్పాయి. తల పట్టుకున్నాడు.

గిద్దలూరులో ఆవిడ దిగిపోయింది. దిగేముందు ఒక మంచి పండు అతని పక్కన పెట్టింది.

అది చూసి అతనికి సిగ్గేసింది. రైలు కదులుతుంటే ఇయర్‌ఫోన్లు తీసి, కిటికీలోంచి చెయ్యి ఊపబోయాడు.

ప్లాట్‌ఫాం మీద ఒకమ్మాయి ఆవిడ సంచి అందుకుంటూ అంటోంది:

"లీదియత్తా, నీ పాత ల్యాబు వాళ్లు ఫోన్ చేసినారు, ఎవరో అబ్రార్ అంట, ఏదో చుక్క తేల్చమని నీకు మెయిళ్ల మీద మెయిళ్లు పెడతా ఉన్నాడంట!"